పక్షుల ఫీల్డ్ గైడ్: కొత్తదేనా?

పక్షులను గుర్తుపట్టడానికి వాడే ఫీల్డ్ గైడ్ పుస్తకం కొనేముందు కాపీరైట్ పేజీ తెరవండి. రీప్రింట్ తేదీ కొత్తదైనా లోపలి సమాచారం పాతదే కావచ్చు. చూడాల్సింది ఎడిషన్ సంవత్సరం. చాలామంది వాడే గ్రిమ్మెట్, ఇన్‌స్కిప్‌ల భారత ఉపఖండపు గైడ్ రెండో ఎడిషన్ 2011 నాటిది. అందులోని పర్పుల్ స్వాంఫెన్‌ను పక్షి పరిశీలనలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఇప్పుడు గ్రే హెడెడ్ స్వాంఫెన్ అంటున్నారు. శాస్త్రీయ నామమూ పోర్ఫిరియో పోలియోసెఫాలస్‌గా మారింది. ఇలాంటివి పెన్సిల్‌తో దిద్దుకోవచ్చు.

బొమ్మల దగ్గర మాత్రం రాజీ వద్దు. చలికాలంలో పులికాట్‌లో కనిపించే లిటిల్ స్టింట్ అనే చిన్న పిట్ట బూడిదరంగులో ఉంటుంది. పుస్తకంలో సంతానకాలపు ఎర్రటి ఈకల బొమ్మ ఒక్కటే ఉంటే దాన్ని పోల్చుకోలేం. ఆడపక్షి, పిల్ల, చలికాలపు రూపం కూడా ఉన్నాయేమో చూడండి. పిట్ట ఎగిరిపోయేలోగా పేజీలు తిప్పే వ్యవధి ఉండదు, అందుకే వర్ణన, విస్తరణ పటం బొమ్మకు ఎదురు పేజీలోనే ఉండాలి.