ప్రెషర్ కాదు, ముందు టెంపరేచర్ చూడండి

లైపోజోమ్‌లంటే మందుని లోపల దాచుకునే కొవ్వు పొరల బుడగలు. వాటిని నైట్రోజన్ ప్రెషర్‌తో సన్నటి రంధ్రాల మెంబ్రేన్లోంచి నెట్టి చిన్నవి చేసే ఎక్స్‌ట్రూడర్ మొరాయించిందంటే చాలామంది చెయ్యి మొదట నైట్రోజన్ రెగ్యులేటర్ మీదికే పోతుంది. ఇంకాస్త ప్రెషర్ పెంచితే దిగుతుందిలే అని పెంచుతారు. మెంబ్రేన్ చిరుగుతుంది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఎం.ఫార్మ్ పిల్లలకి లైపోజోమ్‌ల పని అప్పజెప్పేటప్పుడు నేను చెప్పే మొదటి మాట: లిపిడ్ దిగనంటోందంటే దానికి చలేస్తోందని అర్థం.

ఆ పొరలు కట్టే ప్రతి ఫాస్ఫోలిపిడ్‌కీ (రెండు కొవ్వు తోకలున్న లిపిడ్) ఒక ట్రాన్సిషన్ టెంపరేచర్ ఉంటుంది. మేం టీఎం అంటాం. దానికి కింద కొవ్వు తోకలన్నీ నిటారుగా, ఒకదాన్నొకటి ఆనుకుని బిగుసుకుపోయి ఉంటాయి. అది జెల్ దశ. టీఎం దాటగానే తోకలు మెలికలు తిరుగుతూ కదలడం మొదలుపెడతాయి, పొర వదులవుతుంది. చలికాలంలో పేరుకున్న కొబ్బరి నూనె ఎండకు కరిగినట్టే. కాకపోతే టేబుల్లో చూసే అంకె నీళ్లు బాగా పట్టిన లిపిడ్‌ది. పొడి లిపిడ్ అంత తక్కువ వేడికి లొంగదు.

డీఎంపీసీ అనే ఫాస్ఫోలిపిడ్‌లో తోకకు 14 కార్బన్లు, టీఎం 23 డిగ్రీలు. 16 ఉన్న డీపీపీసీకి 41. 18 ఉన్న డీఎస్‌పీసీకి 55. మరి అదే 18 కార్బన్ల డీవోపీసీకి? మైనస్ 17! తోక మధ్యలో ఒక్క సిస్ డబుల్ బాండ్, అంటే తోకని వంచేసే జంట బంధం, చేసే పని ఇది. ఎన్నేళ్లయినా నాకు ఈ వరస చూస్తే ముచ్చటేస్తుంది.

డీవోపీసీతో పని హాయి. గది వేడిలోనే అన్నీ అయిపోతాయి. కానీ అంత వదులు పొర రక్తంలోకి వెళ్లాక మందుని పట్టి ఉంచలేదు. అందుకే 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందులో సోయా లిపిడ్‌కి హైడ్రోజన్ పట్టించి, డబుల్ బాండ్లు తీసేసిన హెచ్‌ఎస్‌పీసీ వాడారు. దాని టీఎం 50 పైమాటే, ఒంటి వేడి 37. పైగా కొలెస్ట్రాల్ కూడా ఉంది. మనల్ని తయారీలో సతాయించే ఆ బిగువే లోపలున్న అసలు మందు డాక్సోరూబిసిన్‌ని కారిపోకుండా ఆపుతుంది.

“మేడమ్, వేడినీళ్ల బాత్ 65 చూపిస్తోంది, అయినా దిగట్లేదు” అని వస్తారు. బాత్ చూపిస్తుందమ్మా, లోపల శాంపిల్ ఎంతుంది? బాత్ నుంచి ఎక్స్‌ట్రూడర్ దాకా ట్యూబు ఏసీ గాలిలో వేలాడుతుంటుంది. మెంబ్రేన్ కింద స్టీలు డిస్క్ అన్నిటికంటే ఆఖర్న వేడెక్కుతుంది. టెంపరేచర్ ప్రోబ్ శాంపిల్లో ముంచి చూస్తే తెలుస్తుంది సంగతి. లిపిడ్‌ని తడిపే బఫర్ కూడా ముందే వేడిచేసుకోవాలి. చల్లటిది పోస్తే ఫ్లాస్కు గోడకి ఆరబెట్టిన లిపిడ్ ఫిల్మ్ పెచ్చులుగా లేచి ఫ్లాస్కులో తేలుతుంది. అన్నీ కుదిరితే పాలలా తెల్లగా ఉన్నది 100 నానోమీటర్ల మెంబ్రేన్ దాటేకొద్దీ పలచబడి, వెలుతురులో పెడితే అంచున నీలి ఛాయ కొడుతుంది.

ఇంకో తిరకాసు కొలెస్ట్రాల్. వేడిచేస్తూ లిపిడ్ ఎక్కడ దశ మారుతుందో చూపే డీఎస్‌సీ పరికరంలో ఒంటరి డీపీపీసీ 41 దగ్గర సూదిలాంటి పీక్ ఇస్తుంది. కొలెస్ట్రాల్ కలిపేకొద్దీ అది వెడల్పై, సగానికి సగం కలిపేసరికి కనబడకుండా పోతుంది. పీక్ లేదు కదా, ఇక వేడెందుకు అనుకోకూడదు. చల్లగా ఉంటే పొర ఇంకా గట్టిదే. మిశ్రమంలో ఎక్కువ టీఎం ఉన్న లిపిడ్‌ని బట్టే నేను ఎక్స్‌ట్రూడర్ చుట్టూ ఉండే వేడి జాకెట్ టెంపరేచర్ పెడతాను.

టీఎం దగ్గర పొర బాగా కారుతుంది. ఆ బలహీనతనే వాడుకుని, ట్యూమర్ని వేడిచేస్తే మందు వదిలేలా డీపీపీసీతో థెర్మోడాక్స్ చేశారు. లివర్ క్యాన్సర్ మీద ఫేజ్ 3లో అది 2013లో అనుకున్న ఫలితం ఇవ్వలేదు. ఐడియా మాత్రం నాకిప్పటికీ ఇష్టమే.

ఇంటర్వ్యూల్లో నేనడిగే ప్రశ్న ఒకటుంది. ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాల్లో ఉన్నది 55 డిగ్రీల డీఎస్‌పీసీనే కదా, మరి వాటిని 60 పైన ఎందుకు ఎక్స్‌ట్రూడ్ చేయరు? “కొలెస్ట్రాల్ ఉంది కదా మేడమ్” అంటారు ఎక్కువమంది. డాక్సిల్‌లోనూ ఉంది కదా అంటే ఆలోచనలో పడతారు. అక్కడ లిపిడ్లన్నీ ఇథనాల్‌లో విడివిడిగా కరిగి ఉంటాయి, ఎంఆర్‌ఎన్‌ఏ ఉన్న ఆమ్ల బఫర్ తగలగానే క్షణంలో నానోకణాలు కట్టేస్తాయి. డీఎస్‌పీసీ వాటా అందులో మోల్ లెక్కన దాదాపు పది శాతమే. కరిగించి మెంబ్రేన్లోంచి నెట్టాల్సిన పొరే అక్కడ లేదు.