బెల్లు మీద పేరు లేక ఆగిపోయిన నా అడ్రసు

సెస్తో సాన్ జొవాన్నిలో ఇల్లు దొరికిందని చెప్తే ఇటలీలోని మిలాన్‌లో ఉన్న మనవాళ్లందరూ ఒకటే మాట: "అది మిలాన్ కాదు కదా!" నిజమే, కాదు. మిలాన్‌కి ఆనుకుని ఉన్న వేరే ఊరు, వేరే మునిసిపాలిటీ. మెట్రో రెడ్ లైన్ చివరిదాకా వెళ్లి దిగాలి. కానీ నేను చదివే బికోక్కా యూనివర్సిటీకి దగ్గర, మిలాన్ టికెట్టే ఇక్కడిదాకా చెల్లుతుంది, అద్దె కాస్త తక్కువ. గుంటూరు అమ్మాయి ఒకరు తోడు దొరకడంతో ఇద్దరం కలిసి చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. అగ్రిమెంట్ నా పేరు మీద.

ముందు కాగితాల సంగతి చెప్తాను. మొదటిది కోడిచే ఫిస్కాలే, అంటే మన పాన్ లాంటిది. కాకపోతే ఆ నంబరులో మన జాతకమంతా ఉంటుంది. ఇంటిపేరులోంచి మూడక్షరాలు, పేరులోంచి మూడు, తర్వాత పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. ఆడవాళ్లకి తేదీకి 40 కలుపుతారు. నేను పుట్టింది 14న, కార్డు మీద 54! తప్పు పడిందేమోనని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను. ఆ తర్వాత వచ్చే జెడ్222 మాత్రం ఇండియాలో పుట్టిన అందరికీ ఒకటే.

రెండోది పెర్మెస్సో, ఉండటానికి పర్మిట్. ఇటలీలో దిగిన 8 పనిదినాల్లోపు అప్లై చెయ్యాలి. పోస్టాఫీసులో పసుపు పట్టీ ఉన్న కవరు ఊరికే ఇస్తారు. లోపలి ఫారం నల్ల పెన్నుతో పెద్దక్షరాల్లో నింపాలి. 16 యూరోల స్టాంపు 'టి' బోర్డున్న సిగరెట్ల షాపులో కొన్నాను. 70.46 యూరోల చలానా, కౌంటర్లో ఇంకో 30. ఇంత జాగ్రత్తగా చేసి, కవరు శుభ్రంగా అతికించి తీసుకెళ్లాను. కౌంటర్లో ఆవిడ నా మొహంలోకి చూసి, కవరు చింపి, కొత్తది చేతికిచ్చింది. తెరిచే ఇవ్వాలట, వాళ్లు లోపల చూసుకోవాలి కదా. తర్వాత వేలిముద్రలు, తర్వాత ఎదురుచూపులు, నాలుగు నెలలకి కార్డు.

మూడోది రెసిడెంజా. నేను ఈ ఊళ్లో ఉంటున్నానని మునిసిపాలిటీ పుస్తకంలో ఎక్కించడం. అది లేకపోతే ఇటలీ గుర్తింపు కార్డు రాదు, ఎక్కడికెళ్లినా పాస్‌పోర్ట్ మోసుకు తిరగాలి. పాస్‌పోర్ట్, పెర్మెస్సో, కోడిచే ఫిస్కాలే, రిజిస్టర్ చేసిన అద్దె అగ్రిమెంట్ జతచేసి అప్లై చేశాను. రెండు పనిదినాల్లో పేరు ఎక్కిస్తారు. కానీ 45 రోజుల్లోపు విజిలే, అంటే లోకల్ పోలీసు, ఇంటికొచ్చి నిజంగా ఉంటున్నామా లేదా చూస్తారు. ఎప్పుడొస్తారో చెప్పరు. ఆ గడువులోపు కాదనకపోతే అవునన్నట్టే.

మా ఫ్లాట్ బెల్లు మీద పాత అద్దెవాళ్ల పేరే ఉంది. పోస్టు డబ్బా మీదా అదే. పేరు మార్చమని ఓనరుకి రెండుసార్లు చెప్పాను. "దొమానీ" అన్నాడు, అంటే రేపు. మన గోడల మీద రాసుకునే 'రేపు' లాంటిదే అది కూడా.

మూడో వారంలో ఒక సాయంత్రం మెట్ల దగ్గర పక్కింటి తాతగారు ఆపారు. ఎనభై దాటిన మనిషి. అప్పటిదాకా ఆయనకీ నాకూ "బొంజోర్నో" తప్ప ఇంకో మాట లేదు. "పొద్దున విజిలే వచ్చాడమ్మాయ్. నీ పేరు వెతికాడు. బెల్లు మీద లేదు, డబ్బా మీద లేదు. రాసుకుని వెళ్లిపోయాడు" అన్నారు. నాకు కాళ్లు వణికాయి. అప్లికేషన్ తిరగ్గొడితే మళ్లీ మొదటికొస్తుంది.

తాతగారు ఇంట్లోకి వెళ్లి కత్తెర, టేపు, తెల్ల అట్టముక్క తెచ్చారు. పేరు చెప్పమన్నారు. చింతలపూడి అన్నాను. ఇంగ్లీషులో రాసి చూపించాను. "కింతలపూడి" అని చదివారు. ఇటాలియన్‌లో సి, హెచ్ కలిస్తే 'క' అవుతుంది. ఈ దేశంలో నేను కింతలపూడినే అని ఆ రోజే ఖాయమైంది. అట్టముక్క మీద ఒక్కో అక్షరం స్కేలు పెట్టి రాశారు. ఉన్న చోటులో పన్నెండు అక్షరాలు పట్టలేదు. ఆఖరి రెండూ ఇరికించి, బెల్లు పలక స్క్రూ విప్పి, లోపల దోపి, మళ్లీ బిగించారు.

పని చేస్తూనే మా నాన్నగారేం చేస్తారని అడిగారు. వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో ఎస్.ఎం.ఎస్. డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు, ఉక్కు కరిగించే పని అన్నాను. స్క్రూడ్రైవరు ఆగిపోయింది. "ఫాల్క్!" అని తన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. 1960లలో దక్షిణాన పూలియా నుంచి రైలెక్కి వచ్చి, ఫాల్క్ ఉక్కు ఫ్యాక్టరీలో చేరారట. అప్పుడు ఆయన్ని ఈ ఊరివాళ్లు దక్షిణాదివాడని వెక్కిరించేవారట. ఇల్లు అద్దెకి అడిగితే తలుపు వేసేసేవారట.

ఆ ఆదివారం తాతగారు చెప్పిన దారిలో ఊరు చూశాను. బ్రెదా రైలింజన్లు 1903లో, కంపారి మద్యం 1904లో, ఫాల్క్ ఉక్కు 1906లో. మూడు నాలుగేళ్లలో ఒక పల్లెటూరు ఫ్యాక్టరీల ఊరైపోయింది. 1970లకి జనాభా 90 వేలు దాటింది. ఇప్పుడు 80 వేలకి అటూఇటూ. నా మెట్రో దారిలో ఉండే 'సెస్తో మరెల్లి' స్టేషన్ పేరు కూడా ఫ్యాక్టరీదే. నేను చదివే యూనివర్సిటీ పాత పిరెల్లీ ఫ్యాక్టరీ స్థలంలో కట్టారు. ఇన్నాళ్లూ ఫ్యాక్టరీల మధ్యనే తిరుగుతున్నానని నాకు తెలియలేదు, ఎందుకంటే ఫ్యాక్టరీలు లేవు.

ఈ ఊరికి 'ఇటలీ స్టాలిన్‌గ్రాడ్' అని పేరు, హిట్లర్ సైన్యాన్ని ఎదిరించి నిలిచిన రష్యా ఊరి పేరు మీద. ముస్సోలినీ ఇంకా గద్దె మీద ఉండగానే, 1943 మార్చిలో ఇక్కడి కార్మికులు సమ్మె చేశారు. 1944 మార్చిలో, జర్మన్ సైన్యం ఊళ్లో ఉండగా, మళ్లీ చేశారు. ఇక్కడి ఫ్యాక్టరీల నుంచి కొన్ని వందల మందిని మౌట్‌హౌజెన్ లాంటి నాజీ శిబిరాలకి తరలించారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల స్మారకం పార్కో నోర్డ్ అనే పెద్ద పార్కులో ఒక గుట్ట మీద ఉంది. నేను అప్లికేషన్ పెట్టుకున్న మునిసిపాలిటీ భవనం ఉన్న చోటుకి 'ప్యాత్సా దెల్లా రెసిస్తెన్సా' అని పేరు, ప్రతిఘటన కూడలి అన్నమాట. యుద్ధం అయ్యాక 2017 దాకా ఇక్కడ వామపక్షాల మేయర్లే. ఆ సంవత్సరం మాట ఎత్తితే తాతగారు టీవీ సౌండు పెంచేస్తారు.

ఫాల్క్ కొలుములు 1990ల మధ్యలో ఆరిపోయాయి. దాదాపు 350 ఎకరాలు ఖాళీ. రెంజో పియానో అనే పేరున్న ఆర్కిటెక్ట్ ప్లాన్ గీశాడు. అక్కడ పెద్ద ఆసుపత్రుల నగరం రావాలి. కంచె బయట నిలబడి తుప్పు పట్టిన షెడ్డు చూస్తుంటే నాకు గాజువాక గుర్తొచ్చింది. ఫొటో తీసి నాన్నకి పంపితే ఆయన షెడ్డు ఎత్తు ఎంతుంటుందని అడిగారు, ఇంకేం మాట్లాడలేదు. బ్రెదా పాత క్రేన్ కింద మాత్రం ఇప్పుడు వేసవిలో పాటకచేరీలు. కంపారి ఇంకా ఇక్కడే ఉంది, పాత ఫ్యాక్టరీ చోటే ఆఫీసు, మ్యూజియం.

రెండోసారి విజిలే మంగళవారం పొద్దున తొమ్మిదికి వచ్చాడు. నేను తలకి నూనె రాసుకుని ఉన్నాను. "కింతలపూడి?" అన్నాడు. అవును అన్నాను. పాస్‌పోర్ట్ చూశాడు, మంచాలు రెండూ చూశాడు, పోపు వాసనకి ఒకసారి తుమ్మాడు, సంతకం తీసుకున్నాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ తర్వాత గుర్తింపు కార్డుకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఫొటో, వేలిముద్రలు, వారం రోజుల్లో కార్డు పోస్టులో ఇంటికే. ఒక మాట: మనలాంటివాళ్ల కార్డు మీద 'విదేశీ ప్రయాణానికి చెల్లదు' అని ఉంటుంది. దాంతో పారిస్ వెళ్దామని బయల్దేరకండి.

అసలు చెయ్యాల్సింది ఒకటే. ఇంట్లో దిగిన రోజే బెల్లు మీదా, పోస్టు డబ్బా మీదా మీ ఇంటిపేరు పెట్టుకోండి, ఓనరు కోసం ఆగకండి. మా గేటు దగ్గర పలకలో ఇప్పుడు పద్దెనిమిది బెల్లులు. తాతగారిలా దక్షిణాది పేర్లు ఆరో ఏడో, నాలుగు ఈజిప్టు వాళ్లవి, ఒకటి పెరూ, ఒక చైనా, మిగతావి ఈ ఊరివి, చివర వంకరగా నాది.

కార్డు వచ్చిన కొన్నాళ్లకి డబ్బాలో ఇంకో కవరు. మునిసిపాలిటీ నుంచి, నా పేరు మీద, ఒక్క అక్షరం తప్పు లేకుండా. తాతగారికి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చదివి, పడీపడీ నవ్వారు. చెత్త పన్ను.