మూడు దాటితే నెట్ పోతోంది: మిద్దె మీది కంప్యూటర్ చిట్టా

ఏప్రిల్ 20

మిద్దె మీద గదిలో ఉన్న కంప్యూటర్‌కి నెట్ నిలవడం లేదు. పది రోజులుగా ఇదే వరస. ఉన్నట్టుండి పోతుంది, అర నిమిషంలోపే మళ్లీ వస్తుంది. పాటలు వినడానికైతే పట్టించుకోకపోదును. కానీ మా మేనకోడలు వేసవి సెలవులకి మా ఊరు కావలికి వచ్చి, మా ఇంట్లోనే ఉండి ఈఏపీసెట్‌కి చదువుతోంది. 160 ప్రశ్నల మాక్ టెస్ట్‌ని మూడు గంటలు కదలకుండా కూర్చుని రాస్తుంది. నిన్న 112వ ప్రశ్న దగ్గర పేజీ తెల్లబడిపోయింది. మళ్లీ లాగిన్ అయితే మొదటి నుంచి రాయమంది. పిల్ల ఏమీ అనలేదు, కిందికెళ్లి వాళ్ల అమ్మమ్మ పక్కన కూర్చుంది. అది చూశాక ఈ పని తేల్చాలనిపించింది. ఏ రోజు ఏం చేశానో ఇక్కడ రాసి పెడతాను.

ముందు ఇంట్లో ఏది ఎక్కడుందో చెబుతాను. ఫైబర్ లైను కింద హాల్లోకి వస్తుంది, రూటర్ అక్కడే ఉంది. దాని నుంచి నీలం రంగు నెట్‌వర్క్ కేబుల్ (క్యాట్ 5ఈ రకం) ఒకటి హాలు కిటికీలోంచి బయటికెళ్లి, గోడ వెంట పైకెక్కి, మిద్దె గది కిటికీ మూల నుంచి లోపలికి వస్తుంది. దాదాపు 18 మీటర్లు. మూడేళ్ల క్రితం నేనే లాగాను. కంప్యూటర్‌లో వైఫై లేదు, ఈ కేబులే ఆధారం.

నెట్ కనెక్షన్ ఇచ్చినాయనకి ఫోన్ చేస్తే ఒక అబ్బాయిని పంపించాడు. ఫైబర్‌లో వెలుగు ఎంత బలంగా వస్తోందో మీటర్ పెట్టి చూస్తే మైనస్ 21 డీబీఎం వచ్చింది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. ఇళ్లకిచ్చే మామూలు ఫైబర్ లైన్లలో (జీపాన్ అంటారు) మైనస్ 27 దాకా ఇంట్లో పెట్టే బాక్సు సిగ్నల్ పట్టుకోగలదు, కాబట్టి ఇది మంచి రీడింగే. "లైన్‌లో ఏం లేదు సార్, సిస్టమ్ ఫార్మాట్ కొట్టించండి" అని చెప్పి వెళ్లాడు. లైన్ సంగతి నమ్మాను. ఫార్మాట్‌కి మాత్రం ఒప్పుకోలేదు. ఎక్కడ తెగుతోందో చూడకముందే డిస్క్ తుడిచేస్తే రెండు రోజుల పని కొత్తగా నెత్తికెత్తుకున్నట్టే.

ఏప్రిల్ 21

కమాండ్ ప్రాంప్ట్ మూడు విండోలు తెరిచి మూడింట్లోనూ ఆగకుండా పింగ్ పెట్టాను. పింగ్ అంటే అవతలి దాన్ని పలకరించి జవాబు కోసం చూడటం. మొదటిది రూటర్‌కి, అంటే 192.168.1.1కి. మీ ఇంట్లో ఈ నంబర్ వేరుగా ఉండొచ్చు, ఐపీకాన్ఫిగ్ అని కొడితే డీఫాల్ట్ గేట్‌వే దగ్గర కనిపిస్తుంది. రెండోది గూగుల్ వాళ్ల 8.8.8.8కి. మూడోది నంబర్‌తో కాకుండా ఒక వెబ్‌సైట్ పేరుతో.

ఈ మూడూ ఎందుకంటే, దారిలో ఏ ముక్క తెగిందో వేరుచేసి చూపిస్తాయి. మూడోది ఒక్కటే ఆగితే డీఎన్ఎస్ గొడవ, అంటే సైటు పేరుని నంబరుగా మార్చే ఏర్పాటుది. మొదటిది నడుస్తూ మిగతా రెండూ ఆగితే రూటర్ అవతల, ఫైబర్ వైపు చూడాలి. మొదటిదే ఆగితే తప్పు మన గోడల మధ్యలోనే ఉంది. పింగ్‌లో టైము పడదు కాబట్టి పవర్‌షెల్‌లో ఒక చిన్న లైను రాసి, ప్రతి జవాబు పక్కనా గంట, నిమిషం, సెకను పడి ఫైల్లో సేవ్ అయ్యేలా చేశాను. ఈ ఫైల్ లేకపోతే మిగతా కథ ముందుకి నడిచేది కాదు.

ఏప్రిల్ 22

ఒక్క రోజులో 19 సార్లు పోయింది. ప్రతిసారీ మూడు విండోలూ ఒకేసారి ఆగాయి. అదే సమయంలో హాల్లో అమ్మ ఫోన్‌లో వైఫై మీద భక్తి పాటలు ఆగకుండా వచ్చాయి. అంటే రూటర్ బాగానే ఉంది, ఫైబరూ బాగానే ఉంది.

ఇంకో ఆనవాలు ఉంది. జవాబు రాకపోతే పింగ్ మామూలుగా "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అంటుంది. పంపాను, తిరిగి రాలేదు అని దాని అర్థం. నా ఫైల్లో ఎక్కువగా ఉన్నది "ట్రాన్స్‌మిట్ ఫెయిల్డ్, జనరల్ ఫెయిల్యూర్". అంటే కంప్యూటర్ అసలు బయటికి పంపలేకపోయింది, ఆ క్షణంలో దానికి కేబుల్ ఉన్నట్టే తెలియలేదు.

కంప్యూటర్‌లో జరిగేవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూశాను. నా బోర్డు మీద ఉన్నది ఇంటెల్ నెట్‌వర్క్ చిప్. లింక్ తెగినప్పుడల్లా 27 నంబర్‌తో ఒక ఎంట్రీ, కలిసినప్పుడు ఎంత స్పీడ్‌తో కలిసిందో చెబుతూ ఇంకో ఎంట్రీ పడ్డాయి. పొద్దున అన్నీ 1 జీబీపీఎస్. మధ్యాహ్నం కొన్నిసార్లు 100 ఎంబీపీఎస్‌తో కలిసింది. ఈ 100 దగ్గర చాలాసేపు ఆగాను. కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100 స్పీడ్‌కి 1, 2, 3, 6 తీగలు చాలు. 1 జీబీపీఎస్‌కి నాలుగు జతలూ కావాలి. కాబట్టి ఒక్కోసారి ఏదో ఒక జత చెయ్యిస్తోంది. అనుమానం కేబుల్ మీదికి మళ్లింది గాని అప్పుడే తీర్పు చెప్పదలుచుకోలేదు.

ఏప్రిల్ 23, 24

రోజుకి ఒక్క మార్పే అనుకున్నాను. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటి రోజు డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే టిక్కు తీసేశాను. ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్నెట్ అనేది కూడా ఆపాను. ఇదీ ఆదా కోసమే ఉన్నది కాబట్టి రెండూ ఒక మార్పుగానే లెక్కేశాను. తేడా లేదు. రెండో రోజు రూటర్ వెనక పోర్టు మార్చాను. తేడా లేదు.

ఏప్రిల్ 25

ఈ రోజు సంగతి కొంచెం వివరంగా రాయాలి.

నాలుగు రోజుల ఫైల్ గంటల వారీగా విడదీశాను. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఒకటో రెండో. మూడు నుంచి ఆరున్నర దాకా కుప్ప. రాత్రికి మళ్లీ తగ్గుతుంది. ముందు ఎండ వేడి అనుకున్నాను. కానీ ఎండ మండేది పన్నెండు, రెండు మధ్య, అప్పుడు నెట్ పెద్దగా పోలేదు. ఫ్రిజ్ అనుకున్నాను, అది రోజంతా నడుస్తుంది. బోరు మోటరు పొద్దున పూట వేస్తాం.

కాగితం ముందేసుకుని కూర్చుంటే కింద నుంచి అమ్మ కేక. "అబ్బయా, గాలి మళ్లింది, మిద్దె మీద గుడ్డలు ఎగిరిపోతాయి, తీసుకురా." టైము చూస్తే మూడూ పది. ఎండాకాలం మాకు రోజూ ఇంతే. పొద్దంతా పడమటి వడగాలి, మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి తూర్పు గాలి తిరుగుతుంది. అది వస్తేనే ప్రాణం లేచొస్తుంది, కిటికీలన్నీ బార్లా తెరుస్తాం.

నేను గుడ్డలు తీస్తుంటే గదిలోంచి మేనకోడలు అంది. "మామా, కిటికీ కొట్టుకున్నప్పుడల్లా పోతా ఉంది, చూడు." వెళ్లి చూశాను. గాలికి చెక్క రెక్క చట్రానికి తగిలి వెనక్కి పోతోంది. కేబుల్ ఆ మూల నుంచే వస్తుంది. కంప్యూటర్ వెనక పోర్టు దగ్గరున్న చిన్న లైటు రెక్క తగలగానే ఆరింది, నేను లెక్కపెట్టాను, ఏడు సెకన్లకి వెలిగింది. ఇంకో దెబ్బకి మళ్లీ ఆరింది. గాలి ఆగిన ఆ రెండు నిమిషాలూ స్థిరంగా వెలిగింది. ఇన్నాళ్లూ స్క్రీన్ వైపే చూస్తూ ఉన్నాం, ఆ పిల్ల కిటికీ వైపు చూసింది.

ఏప్రిల్ 27

ఊహ సరిపోదు, రుజువు కావాలి. నిన్న కంప్యూటర్ కిందికి తెచ్చి రెండు మీటర్ల రెడీమేడ్ కేబుల్‌తో రూటర్‌కి తగిలించాను. నిన్నా ఇవాళా కలిపి ఒక్కసారి కూడా తెగలేదు. కంప్యూటర్, చిప్, రూటర్ మూడూ నిర్దోషులు.

సాయంత్రం పైకి పట్టుకెళ్లి పాత కేబులే తగిలించి, రెక్కని చేత్తో పదిసార్లు మూశాను. ఆరుసార్లు తెగింది.

ఏప్రిల్ 28

కేబుల్ ఊడదీసి కిందికి తెచ్చాను. కేబుల్ టెస్టర్‌కి రెండు కొసలూ పెడితే 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలిగాయి. చూస్తే అంతా బాగున్నట్టే. కిటికీ దగ్గర నలిగిన చోట వేళ్లతో వంచితే ఎనిమిదోది ఆరిపోయింది. ఎనిమిదంటే గోధుమ రంగు తీగ. టెస్టర్‌తో చూసేటప్పుడు కేబుల్‌ని కదిలించి చూడాలి, ఊరికే పెట్టి చూస్తే ఇది దొరికేది కాదు.

అక్కడ పైతోలు బ్లేడుతో చీల్చాను. ఎండకి తోలు పెళుసైపోయి, రెక్క తగిలే వైపు చదునుగా అణిగిపోయి ఉంది. లోపల గోధుమ తీగ ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరలేదు. తొడుగు ఒలిస్తే లోహం రెండు ముక్కలు. రెండు కొసలూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ముట్టుకుంటే కలుస్తాయి, కొంచెం వంచితే విడిపోతాయి.

ఆ కొసని కిటికీ వెలుతురులో పెట్టి బ్లేడుతో గీకాను. పైన ఎర్రటి రాగి పూత, కింద తెల్లగా అల్యూమినియం. కాపర్ అని చెబితే కొన్న కేబుల్ ఇది. సీసీఏ అంటారు, అల్యూమినియం తీగకి రాగి పూత. నిరోధం రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, నాలుగైదుసార్లు ఒకేచోట వంగితే పుటుక్కున విరుగుతుంది. క్యాట్ 5ఈ ప్రమాణం అడిగేది అచ్చమైన రాగి. ఇది తెలియక ఎంతమంది ఇళ్లలో గోడల లోపల పడి ఉందో తల్చుకుంటే బాధగా ఉంది. కొనేటప్పుడు కొస ఒకటి గీకి చూపించమని అడగండి, అర నిమిషం పని.

కనెక్టర్ పిన్నులు కూడా మాసిపోయి, రెండింటి మీద పచ్చని చిలుము పట్టింది. ఉప్పుగాలి ఊళ్లో ఇది మామూలే. కిటికీ పక్కన, గాలి తగిలేచోట జాయింట్ పెట్టకూడదు.

మే 1

ట్రంకు రోడ్డు షాపులో అచ్చమైన రాగి క్యాట్ 6, బయట వాడే నల్ల తోలుది, 30 మీటర్లు తీసుకున్నాను. అక్కడే గీకి చూశాను, లోపలిదాకా ఎరుపే.

దారి మార్చాను. ఇక కిటికీ జోలికి పోలేదు. గోడకి 8 మిల్లీమీటర్ల బిట్టుతో రంధ్రం వేశాను. కనెక్టర్ దూరేంత పెద్దది అక్కర్లేదు, ముందు కేబుల్ దూర్చి తర్వాత కొసకి కనెక్టర్ బిగించుకుంటే (క్రింపింగ్) సరి. రంధ్రం బయటివైపుకి కొంచెం వాలుగా ఉండాలి. మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, వాలు లేకపోతే నీళ్లు కేబుల్ వెంట గదిలోకే దిగుతాయి. బయట రంధ్రం కింద కేబుల్‌ని ఒక వంపు తిప్పి వదిలాను, నీటి బొట్టు ఆ వంపు దగ్గర రాలిపోతుంది. గోడ పొడవునా పీవీసీ పైపులో వేశాను, కరెంటు వైరుకి జానెడు ఎడంగా.

క్రింపింగ్ దగ్గర ఓపిక కావాలి. క్లిప్పు కిందికి, పిన్నులు పైకి పెట్టి చూస్తే ఎడమ నుంచి కుడికి తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత పక్కపక్కన ఉండదు, దాని మధ్యలో నీలం జత దూరుతుంది. చాలామంది జతలన్నీ వరసగా పెట్టేస్తారు. రెండు వైపులా అలాగే పెడితే మామూలు టెస్టర్ ఎనిమిది లైట్లూ వెలిగిస్తుంది, కానీ మెలిక వేసుకున్న జతలు తారుమారై స్పీడ్ పెరిగేకొద్దీ తప్పులు దొర్లుతాయి. ఆ మెలిక కూడా కొసన 13 మిల్లీమీటర్లకి మించి విప్పకూడదు. మొదటి కొసలో కేబుల్ పైతోలు కనెక్టర్ లోపలికి వెళ్లలేదు, లాగితే తీగల మీదే బరువు పడుతోంది. కోసేసి మళ్లీ చేశాను. రెండోసారి తోలు కూడా లోపలికి దూరి గట్టిగా పట్టింది.

మే 9

ఎనిమిది రోజులు. ఈవెంట్ వ్యూయర్‌లో 27 నంబర్ ఎంట్రీ ఒక్కటి లేదు. స్పీడ్ 1 జీబీపీఎస్ దగ్గరే నిలబడి ఉంది. మొన్న సాయంత్రం ఒకసారి ఇరవై నిమిషాలు నెట్ పోయింది. ఫైల్ చూస్తే రూటర్ పింగ్ నడుస్తోంది, మిగతా రెండూ ఆగాయి. కిందికెళ్తే బాక్సు మీద ఎల్ఓఎస్ లైటు, అంటే ఫైబర్ సిగ్నల్ రావడం లేదని చెప్పేది, ఎర్రగా ఉంది. అది ఫైబర్ వైపు గొడవ, ఫోన్ చేసి చెప్పాను, బాగుచేశారు.

కిటికీ రెక్కకి కొక్కెం ఇంకా బిగించలేదు, రేపు వడ్రంగి వస్తానన్నాడు. ఇవాళ మూడున్నరకి గాలి మళ్లింది, రెక్క రెండుసార్లు టపటపమని కొట్టుకుంది. మేనకోడలు తలెత్తి ఒకసారి నా వైపు చూసి, పోర్టు లైటు వైపు చూసి, 131వ ప్రశ్న దగ్గరికి వెళ్లిపోయింది.