సముద్రం దాకా పోనివ్వకుండా: గెడ్డ మీద చెత్త అడ్డు, నా అనుభవం

విశాఖలో ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్తాను. సముద్రంలో ప్లాస్టిక్ ఏరే యంత్రం చేస్తామని ఒక బ్యాచ్ పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టుకి నా దగ్గరకొచ్చారు. చివరికి మేం చేసింది యంత్రం కాదు, గెడ్డ మీద, అంటే ఊళ్లోంచి పారే వాగు మీద, తేలే ఒక పైపుల వరస. అది ఎలా వచ్చిందో, ఏం పట్టిందో, పట్టింది ఏమైందో రాస్తున్నాను.

పిల్లల ఫోన్లలో ఉన్నవన్నీ 'ది ఓషన్ క్లీనప్' వీడియోలు. బోయన్ స్లాట్ అనే నెదర్లాండ్స్ కుర్రాడు 2013లో పెట్టిన సంస్థ అది. 2018లో 600 మీటర్ల తేలే గొట్టాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో తీరం నుంచి పసిఫిక్‌లోకి లాక్కెళ్లారు. దానికి చెత్త చిక్కినట్టే చిక్కి జారిపోయేది. ఆ ఏడాది ఆఖర్లో గొట్టం కొస ఒకటి విరిగి ఊడింది కూడా. వాళ్లు ఆగలేదు. మార్చుకుంటూ పోయి, 2021కల్లా రెండు ఓడల మధ్య వల కట్టి లాగే పద్ధతికి వచ్చారు. 2023లో దింపిన మూడో తరం వల పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. మా పిల్లలకి అన్నిట్లోకీ నచ్చింది ఆ విరగడమే. ఫెటీగ్ మీద, అంటే పదేపదే ఒత్తిడి పడి వస్తువు అలిసి విరగడం మీద, నేను చెప్పిన పాఠం ఏనాడూ అంత శ్రద్ధగా వినలేదు.

ఓడలు మన వల్ల అయ్యేవి కావు. కానీ ఆ సంస్థే నదుల వైపు తిరిగిందని చదివాక నాకు ఆశ పుట్టింది. నదుల ద్వారా సముద్రంలో పడే ప్లాస్టిక్‌లో దాదాపు 80 శాతం ఒక వెయ్యి పైచిలుకు నదుల నుంచే వస్తోందని 2021లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. వాటిలో గంగ, యాంగ్‌జీ లాంటి మహానదుల కన్నా ఊళ్ల మధ్య నుంచి పారే చిన్న ఏళ్లే ఎక్కువ. అలాంటివి మా ఊళ్లో లేకేం? కొండ మీద పడ్డ వాన గెడ్డల్లో దిగి బీచ్‌కి చేరడానికి ఎంతో సేపు పట్టదు. దార్లో కాలనీల చెత్తంతా దాంతోపాటే. పెద్ద వాన పడ్డ మర్నాడు బీచ్‌లో నడిచినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఎవరెవరు ఏం చేశారో చూశాం. బాల్టిమోర్ రేవులో జోన్స్ ఫాల్స్ అనే ఏరు వచ్చి కలిసేచోట 2014 నుంచి ఒక చక్రం తిరుగుతోంది. నీటి తోపుడుతోనే తిరిగి, చెత్తని బెల్టు మీదికెక్కించి తొట్టెలో పోస్తుంది. నీరు నెమ్మదిస్తే సోలార్ పంపు సాయం చేస్తుంది. దానికి రెండు పెద్ద కళ్లు కూడా పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2019లో కాలవ అడుగున చిల్లుల గొట్టం ఏటవాలుగా పరిచి గాలి కొట్టడం మొదలెట్టారు. బుడగల తెర చెత్తని ఒక పక్కకి నెడుతుంది, పడవలూ చేపలూ దాటిపోతాయి. నన్నడిగితే అన్నిట్లోకీ తెలివైనది ఇదే. కానీ మా గెడ్డ బురదలో ఆ చిల్లులు ఎన్నాళ్లు పూడకుండా ఉంటాయి? రాత్రీ పగలూ కంప్రెసర్ ఆడితే కరెంటు బిల్లెవరు కడతారు? మాకు అందుబాటుగా కనిపించింది చెన్నై. అక్కడ కూవం నది మీద 2017లో ఆల్ఫామెర్స్ సంస్థ తేలే అడ్డు వేసింది. మోటారు లేదు, కరెంటు లేదు. ప్రవాహమే చెత్తని ఒడ్డుకి తోస్తుంది.

అనుమతుల కథ పొడుగు. గెడ్డ ఒకరిది, గట్టు ఒకరిది, చెత్త ఇంకొకరిది. ఓపికున్న ఇంజినీరు ఒకాయన దొరికారు, అంతవరకే చెప్తాను.

హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ పైపుల కొసలు మూసేసి తేలేలా చేశాం. కింద అడుగున్నర లోతుకి స్టీలు జాలీ వేలాడదీశాం, అది లేచిపోకుండా అంచుకి గొలుసు. చేప జాలీ కింద నుంచి వెళ్లిపోతుంది. కిటుకంతా కోణంలో ఉంది. ప్రవాహానికి సూటిగా అడ్డం కడితే చెత్త అడుగు నుంచి దూరిపోతుంది. సముద్రం మీద చమురు తెట్టుని బూమ్‌లతో, అంటే తేలే అడ్డులతో, ఆపేవాళ్లకి ఇది పాత సంగతే: బూమ్‌కి ఎదురుగా తగిలే నీటి వేగం సుమారు 0.7 నాట్లు, అంటే సెకనుకి 35 సెంటీమీటర్లు దాటితే నూనె కిందనుంచి జారిపోతుంది. ఏటవాలుగా కడితే సూటిగా తగిలే వేగం తగ్గుతుంది, చెత్త పైపు వెంబడే జరిగి ఒక గట్టున పోగవుతుంది.

చోటు మాత్రం మా డ్రాయింగు తేల్చలేదు. సముద్రంలో కలిసే నోటి దగ్గరా, ఎగువన కల్వర్టు దగ్గరా అని రెండు చోట్లా కొలతలు తీస్తున్నాం. వల బాగుచేసుకుంటున్న జాలారిపేట పెద్దాయన ఒకాయన చాలాసేపు చూసి అడిగాడు: "ఏటి మాష్టారూ, పోటొచ్చినప్పుడు నీళ్లు ఎనక్కి తంతాయి కదా, అప్పుడు మీ సెత్త ఎటు పోద్ది?" పోటు నీరు చేరని కల్వర్టు దగ్గరే ఖాయం చేశాం.

ఇక వానాకాలం. నీటి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలవుతుంది. గ్వాటెమాలాలో లాస్ వాకాస్ నది మీద 2022లో ఓషన్ క్లీనప్ వాళ్లు కంచె వేస్తే, వరద దాని పునాదుల కింది నేలనే కోసేసింది. మరుసటి ఏడాది వాళ్లూ తేలే అడ్డుకే మారారు. మేం అవతలి గట్టు వైపు కావాలనే సన్నని తాడు కట్టాం. వరద మరీ బలంగా వస్తే అది తెగి, తలుపు తెరుచుకున్నట్టు పైపు మొత్తం ఇవతలి గట్టుకి వాలాలి. ఒక రాత్రి వానకి అలాగే తెగింది, అలాగే వాలింది. పైపు భద్రం. ఆ రాత్రి కొట్టుకొచ్చిన చెత్త మాత్రం సముద్రంలోకే పోయింది. ఎక్కువ చెత్త వచ్చేది అలాంటి రాత్రే మరి.

మామూలు రోజుల్లో పట్టింది తక్కువేం కాదు. పాల ప్యాకెట్లు, మందు సీసాలు, చెప్పులు, డైపర్లు, బొంతలు, గుర్రపు డెక్క, 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ప్లాస్టిక్ ప్లేట్లూ స్పూన్లూ. దీన్ని గట్టెక్కించాక ఏం చేయాలన్నది ఏ వీడియోలోనూ సరిగ్గా చూపించరు. పక్క కాలనీ ఆడవాళ్లు కొందరు రోజు కూలికి ఏరడానికి ఒప్పుకున్నారు. నీళ్ల సీసాలు తుక్కు కొట్టువాడు తీసుకుంటాడు, బురద ఉంటే ధర తగ్గిస్తాడు. పాల కవర్లు కడిగి ఆరబెడితే వాటికీ బేరం ఉంది. చిప్స్ కవర్లని ఊరికే ఇస్తానన్నా ఎవరూ ముట్టుకోరు. ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత ఉంటుంది, రెండూ విడదీయడం గిట్టుబాటు కాదు. అవి పోగలిగిన చోటు సిమెంటు కొలిమి. అక్కడి వేడి 1400 డిగ్రీలు దాటుతుంది, బొగ్గుతో పాటు వీటినీ మండిస్తారు. అయితే తడి ఆరాలి, కట్టలు కట్టాలి, లారీ నిండాలి.

కేరళలో కొల్లం దగ్గర శక్తికులంగర, నీండకర రేవుల్లో 2017లో మొదలైన 'సుచిత్వ సాగరం' నాకు అందుకే పెద్ద సంగతి అనిపించింది. వలలో పడ్డ ప్లాస్టిక్‌ని మత్స్యకారులు మళ్లీ నీళ్లలో పారేయకుండా ఒడ్డుకి తెస్తారు. రేవులోనే ఆడవాళ్లు దాన్ని ఏరి కడుగుతారు, యంత్రం ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలు తారు రోడ్లలోకి వెళ్తాయి. పట్టడమూ, వాడడమూ కలిపే ఆలోచించారు.

మా పైపు మైక్రోప్లాస్టిక్‌ని ఆపలేదు. జాలీ కన్నాల కన్నా చిన్నదేదైనా దాటిపోతుంది. ఎండకీ అలలకీ చిట్లి నలుసులు కాకముందే పెద్ద ముక్కల్ని పట్టుకోవడం దీనితో అయ్యే పని.

ఈ ఏడు బ్యాచ్‌కి చేత్తో నడిచే బేలింగ్ ప్రెస్ ఇచ్చాను. హైడ్రాలిక్ జాక్‌తో చిప్స్ కవర్లని నొక్కి కట్టలు కట్టాలి. కొలతలు ఆ ఏరే ఆడవాళ్లే చెప్పారు: కట్ట ఇద్దరు ఎత్తగలిగేలా ఉండాలి, జాక్ కొట్టే పిడి నడుం వంచక్కర్లేని ఎత్తులో ఉండాలి. రెండోదానికి డ్రాయింగు ఇంకా కుదరలేదు.