ఒకే చేయి, రెండు శాతాలు

నా కుడిచేతికి ప్రభుత్వం దగ్గర రెండు లెక్కలున్నాయి. సదరం కాగితంలో, అంటే ప్రభుత్వాస్పత్రి క్యాంపులో ఇచ్చే వైకల్య సర్టిఫికెట్‌లో, 27 శాతం. కార్మికుల బీమా చూసే ఈఎస్‌ఐ మెడికల్ బోర్డు కాగితంలో 30 శాతం. పోయిన వేళ్ళు మాత్రం ఆ మూడే: చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలు. మొదటి లెక్కతో ఒక్క రూపాయి రాలేదు. రెండో లెక్కతో నెలనెలా డబ్బు పడుతోంది, నేను బతికున్నంతకాలం పడుతుంది. ఈ రెండూ వేరని ముందే తెలిసుంటే నాకు చాలా తిరుగుడు తప్పేది.

జీడిమెట్లలో ఒక షీట్‌మెటల్ కంపెనీలో నాలుగేళ్ళు పవర్ ప్రెస్ మీద పనిచేశాను. జీతం 15,000. అందులోంచి ఈఎస్‌ఐకి నెలకు 113 రూపాయలు కోసేవారు. జ్వరం గోలీల కోసం ఇంత ఎందుకు కట్టాలని మేమంతా సణుక్కునేవాళ్ళం. నా ఐపీ నంబర్, అంటే బీమా నంబర్, ఎంతో కూడా నాకు తెలియదు. ఈఎస్‌ఐ వాళ్ళిచ్చిన పెహచాన్ కార్డు బీరువాలో ఎక్కడో పడుంది.

2022 సెప్టెంబర్‌లో నైట్ షిఫ్ట్. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే దిగాల్సిన ప్రెస్ అది. పని జోరుగా సాగాలని దానికి పెడల్ తగిలించారు. షీట్ కొంచెం పక్కకు జరిగితే సర్దబోయాను, అలవాటు కొద్దీ కాలు పడింది. నొప్పి వెంటనే తెలియలేదు. గ్లవ్ ముందుభాగం అట్టలా చదునుగా అయిపోయి ఉండటం చూశాకే అర్థమైంది.

ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడు ఆటోలో సూపర్‌వైజర్ నా పక్కనే కూర్చున్నాడు. "ఇంటికాడ తలుపు సందుల పడ్డదని చెప్పు తమ్మీ. ఫ్యాక్టరీల అయ్యిందంటే కేసైతది, నీ నౌకరి బోతది. ఖర్చు మొత్తం సేటు జూస్కుంటడు" అన్నాడు. నేను అవునని గానీ కాదని గానీ అనలేదు, అనే స్థితిలో లేను. క్యాజువాలిటీలో ఆయనే మాట్లాడాడు, వాళ్ళు అదే రాసుకున్నారు. అక్కణ్ణుంచి ఈఎస్‌ఐకి వెళ్ళినా ఆ మాటే కాగితం మీద వెంట వచ్చింది. ఆ ఒక్క వాక్యాన్ని మార్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నాలుగో రోజో ఐదో రోజో మా కంపెనీ ఫిట్టర్ కాకా చూడ్డానికి వచ్చాడు. ఆయనకి ఎడమచేతి చిటికెన వేలు లేదు, ఎప్పుడో పాత కంపెనీలో పోయిందట. సంగతి విని తల కొట్టుకున్నాడు. "ఇంట్ల తెగిందంటే మూడు నెలలు ఇన్ని పైసలిచ్చి పంపుతరు. పనికాడ తెగిందంటే బతికినన్నొద్దులు ఇస్తరురా" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బయట దెబ్బ తగిలినా, జబ్బు చేసినా ఈఎస్‌ఐలో వచ్చేది సిక్‌నెస్ బెనిఫిట్. జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. అదే పనిలో తగిలిన దెబ్బ అయితే ఎంప్లాయ్‌మెంట్ ఇంజరీ. కోలుకునేదాకా రోజు జీతంలో 90 శాతం ఇస్తారు, దానికి 91 రోజుల హద్దు లేదు. తర్వాత చేయో కాలో పూర్తిగా బాగుపడకపోతే మెడికల్ బోర్డు శాతం నిర్ణయిస్తుంది, ఆ శాతం ప్రకారం జీవితాంతం నెలనెలా వస్తుంది. ఆఫీసులో దాన్ని పీడీబీ అంటారు. దీనికి ఇన్నాళ్ళు చందా కట్టి ఉండాలన్న లెక్క కూడా లేదు, చేరిన మొదటిరోజు ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. 2010 సవరణ తర్వాత ఇంటి నుంచి పనికి వెళ్ళేదారిలో జరిగిన ప్రమాదం కూడా, అది డ్యూటీకి సంబంధించిన ప్రయాణమే అయితే, ఇందులోకి వస్తుంది.

మా ఆవిడ బ్రాంచ్ ఆఫీసుకి వెళ్ళింది. కౌంటర్లో ఉన్న మేడమ్ ఓపిగ్గా విని, జరిగింది జరిగినట్టు తెల్లకాగితం మీద రాసి ఇమ్మంది. కంపెనీకి కూడా ఒక కాపీ రిజిస్టర్ పోస్టులో పంపి, రసీదు దాచుకోమంది. మా ఆవిడ రాసింది, నేను ఎడమ బొటనవేలు వేశాను. ఐదో తరగతి తర్వాత నేను వేలిముద్ర వెయ్యడం అదే మొదటిసారి. ఆ కాగితానికి రెండు జతచేశాం. మొదట తీసుకెళ్ళిన క్లినిక్ చీటీ మీద తెల్లవారుజాము 3:10 అని టైము ఉంది. ఆ రాత్రి షిఫ్ట్ చార్టు ఫొటో ఒకటి తోటి కుర్రాడు వాట్సాప్‌లో పంపాడు. రాత్రి పదింటికి కార్డు పంచ్ చేసినవాడికి మూడింటికి ఇంటి తలుపు సందులో వేళ్ళు ఎలా నలుగుతాయి? సాక్ష్యం చెప్పమని ఇద్దరిని అడిగాను. ఒకడు ఒప్పుకున్నాడు. రెండోవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. వాడి మీద నాకు కోపం లేదు, వాడికీ ఇద్దరు పిల్లలు.

కంపెనీ ఇవ్వాల్సింది యాక్సిడెంట్ రిపోర్ట్, ఫారం 12. "పంపిస్తున్నాం" అంటూ ఏడువారాలు గడిపారు. చివరికి బ్రాంచ్ ఆఫీసు నుంచి మనిషి ఫ్యాక్టరీకి వెళ్ళి విచారణ చేశాకే అది కదిలింది. అప్పటిదాకా నాకు రోజుకు 350 లెక్కన సిక్‌నెస్ డబ్బు పడింది. ఎంప్లాయ్‌మెంట్ ఇంజరీ అని ఒప్పుకున్నాక 450 అయింది, పాత రోజుల తేడా కూడా కలిపి వేశారు.

సర్టిఫికెట్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది జారిపోయేది అక్కడే. డిస్పెన్సరీ డాక్టర్ ఫస్ట్ సర్టిఫికెట్ ఇస్తారు, తర్వాత ఇంటర్మీడియెట్లు, పనికి ఫిట్ అన్నాక ఫైనల్. మధ్యలో తేదీలు తెగకూడదు. నేను ఒకసారి పండక్కి ఊరెళ్ళి నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్ళాను. ఆ నాలుగు రోజుల కోసం మళ్ళీ సంజాయిషీ, మళ్ళీ సంతకాలు. ఒక మంచి విషయం ఏంటంటే, ఈ సెలవులో ఉండి డబ్బు తీసుకుంటున్నంతకాలం యజమాని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని అప్పుడు అమల్లో ఉన్న ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ చెప్పేది. నన్నూ తియ్యలేదు. ఫైనల్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్ళాక ప్యాకింగ్‌లో వేశారు. అట్టపెట్టెకి టేపు వెయ్యాలంటే కుడిచేత్తో నొక్కిపట్టాలి, నాకు పట్టు చాలదు. నెల తిరక్కముందే నేనే మానేశాను.

ఇక్కడే నేను దారి తప్పాను. మా బావమరిది "సదరం తీయించు బావా, పెన్షన్ వస్తది" అన్నాడు. ఊళ్ళో అందరూ అదే అన్నారు. మీసేవలో స్లాట్ బుక్ చేసి, క్యాంపు రోజున ప్రభుత్వాస్పత్రిలో పొద్దున ఏడింటికే లైన్లో నిలబడ్డాను. నా ముందు పోలియో వచ్చిన అమ్మాయి, వెనక పక్షవాతంతో ఒక పెద్దాయన. వాళ్ళ మధ్య చేతిరుమాలు చుట్టుకున్న చేతితో నిలబడటానికి నాకు కొంచెం సిగ్గేసింది కూడా. డాక్టర్‌గారు రెండు నిమిషాలు చూశారు. కసురుకోలేదు, తొందరపెట్టలేదు. "40 రాదయ్యా. బొటనవేలు ఒక్కటే మొత్తం పోయినా ఈ లెక్కలో 40 చేరడం కష్టం" అన్నారు. "నేను ప్రెస్ ఆపరేటర్ని సార్, నాకు వేరే పని రాదు" అన్నాను. "మేం చూసేది చెయ్యి ఎంత పోయిందని. పని ఎంత పోయిందని కాదు" అన్నారు.

ఆ మాట అప్పుడు గుచ్చుకుంది గానీ, చిక్కుముడి విప్పింది అదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం అనేది గీత. అది శరీరాన్ని కొలిచే లెక్క. ఆసరా పెన్షన్‌కి ఆ గీత దాటాలి. నేను క్యాంపుకి వెళ్ళినప్పుడు తెలంగాణలో దివ్యాంగుల పెన్షన్ 3,016, ఆ ఏడాదే 4,016 అయింది. ఈఎస్‌ఐ లెక్క వేరు. నా కేసు నడిచినప్పుడు అమల్లో ఉన్న 1948 ఈఎస్‌ఐ చట్టం చివర రెండో షెడ్యూల్ అనే పట్టిక ఉండేది, అది కొలిచింది సంపాదించే శక్తి ఎంత తగ్గిందని. అందులో ఒక చేతికి రెండు వేళ్ళు పోతే 20, మూడు పోతే 30, నాలుగూ పోతే 50. బొటనవేలు ఒక్కటే పోతే 30. అంటే నా మూడు వేళ్ళూ కలిపి ఒక బొటనవేలుకి సమానం. ఏకలవ్యుడికి ఈఎస్‌ఐ ఉంటే 30 శాతం వచ్చేదన్నమాట. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ 40 అనే గీత లేదు. ఎంత శాతమైతే అంత భృతి.

సదరం చుట్టూ తిరుగుతూ నేను నెలలు పోగొట్టాను. బోర్డుకి దరఖాస్తు పెట్టడానికి, కోలుకునేకాలపు భృతి ఆగిన రోజు నుంచి 12 నెలల గడువుంటుంది. ఈసారీ కాకానే ఫోన్ చేసి "బోర్డుకు పెట్టినవారా?" అని అడిగాడు. గడువు ఇంకా ఉంది కాబట్టి సరిపోయింది.

బోర్డు రోజున పెద్ద హడావుడేం లేదు. బల్లకి అటువైపు డాక్టర్లు, నా ఫైలు, ఎక్స్‌రేలు. పిడికిలి ముయ్యమన్నారు. ఒక డాక్టర్ తెల్లకాగితం నా బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య పెట్టి "గట్టిగా పట్టుకో, నేను లాగుతా" అన్నారు. పట్టుకున్నాను. జారిపోయింది. ఇంకోసారి పెట్టారు, మళ్ళీ జారింది. మూడోసారి నేనే "ఇంకొక్కసారి సార్" అన్నాను. చేతకాదని చూపించడానికి వెళ్ళినవాణ్ణి, ఆ క్షణంలో మాత్రం చేతనవును అనిపించుకోవాలని ఉంది. బయటికొచ్చాక మా ఆవిడతో చెబితే నవ్వింది, తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కొన్ని వారాలకు బ్రాంచ్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. 30 శాతం, ఫైనల్. కొందరికి ప్రొవిజనల్ అని ఇచ్చి తర్వాత మళ్ళీ పిలుస్తారు, నాకు ఆ బాధ లేదు. శాతం నచ్చకపోతే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, దానికి మూడు నెలల గడువు. బొటనవేలి మొదట్లో బిగుతు ఉంది కదా, వెళ్ళమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నేను వెళ్ళలేదు. వెళ్తే పెరిగేదేమో, కానీ నాకు ఓపిక అయిపోయింది.

లెక్క ఇలా ఉంటుంది. నా సగటు రోజు జీతం 500. అందులో 90 శాతం 450. దాంట్లో 30 శాతం 135. రోజుల లెక్క కాబట్టి 30 రోజుల నెలకు 4,050, 31 రోజుల నెలకు 4,185, మామూలు ఫిబ్రవరికి 3,780. నాకు రాదన్న పెన్షన్‌కీ వచ్చిన భృతికీ తేడా 34 రూపాయలు. వేరే పని చేసుకున్నా ఇది ఆగదు. అది తెలియక మూడునెలలు ఇంట్లోనే కూర్చున్నాను, పనికి వెళ్తే కట్ చేస్తారని భయం. ఇప్పుడు ఒక గోదాము గేటు దగ్గర వచ్చేపోయే బండ్ల నంబర్లు రాస్తాను. ఎడమ చేత్తో.

ఆ ఎడమచేతి రాతతోనే ఇంకో తంటా వచ్చింది. భృతి తీసుకునేవాళ్ళు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూ ఉండాలి. దాని మీద సంతకం పెట్టించుకోవడానికి బ్యాంకుకి వెళ్తే, కౌంటర్లో అబ్బాయి కంప్యూటర్లో నా పాత సంతకం చూసి, కాగితం చూసి, "ఇది మీ సంతకం కాదు" అన్నాడు. వేలిముద్ర వెయ్యమని యంత్రం ముందుకు జరిపాడు. "కుడి చూపుడువేలు పెట్టండి."

చెయ్యి బల్లమీద పెట్టాను. పాపం ఆ అబ్బాయి లేచి నిలబడ్డాడు. కొత్త సంతకం నమోదు చేసే ఫారం తనే తెచ్చి, తనే నింపి, మూడు గళ్ళలో సంతకం చెయ్యమన్నాడు. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. "మధ్యది బాగుంది సార్, ఇకనుంచి అదే పెట్టండి" అన్నాడు. అప్పటి నుంచి అదే పెడుతున్నాను.