2.20 అంటే ఎంత భూమి?

తూకాలు, కొలతలకు మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చింది. కూరగాయలు కిలోల్లోకి, పాలు లీటర్లలోకి ఎప్పుడో మారిపోయాయి. భూమి మాత్రం మారలేదు. ఎకరం ఎక్కడైనా 4,840 గజాలే (చదరపు గజాలనే అర్థం). చిక్కంతా దాన్ని ముక్కలు చేసే దగ్గరే. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు. సెంటు 48.4 గజాలు, గుంట 121 గజాలు.

పాస్‌పుస్తకంలో విస్తీర్ణం 2.20 అని ఉందనుకోండి. గుంటూరులో అది రెండెకరాల ఇరవై సెంట్లు. కరీంనగర్‌లో రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఒకే అంకెకు 30 సెంట్ల తేడా, గజాల్లో 1,452! తెలంగాణ కాగితాల్లో ఆ చుక్క దశాంశ బిందువు కాదు, ఎకరాలకీ గుంటలకీ మధ్య గీత లాంటిది. అందుకే 1.25, 1.25 ఉన్న రెండు సర్వే నంబర్లను ఎక్సెల్‌లో కూడితే 2.50 వస్తుంది కానీ అది తప్పు. 25, 25 గుంటలు కలిస్తే 50, అందులో 40 ఎకరంగా మారి, జవాబు 3.10. చుక్క తర్వాతి రెండంకెలు 39 దాటాయంటే అవి గుంటలు కావని తేల్చేయొచ్చు. 39 లోపుంటే ఏ రాష్ట్రం కాగితమో చూడక తప్పదు.

సెంటును 48 గజాలుగా లెక్కగట్టే అలవాటు బ్రోకర్లలో బాగా ఉంది. ఒకటి రెండు సెంట్లకైతే పోనీలే అనుకోవచ్చు, ఎకరం మీద 40 గజాలు ఎగిరిపోతాయి. ఇక అంకణం సంగతి: నెల్లూరు వైపు 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. అంకణం రేటు చెప్పగానే ఏ ఊరి అంకణమో అడగండి.

ప్లాట్ల దస్తావేజుల్లో అడుగులు, అంగుళాలు ఇంకో తలనొప్పి. 30 అడుగుల 10 అంగుళాలను 30.10 అని టైపు చేస్తారు. కాలిక్యులేటరు దాన్ని 30.1 అడుగులుగానే చూస్తుంది. లోతు 50 అడుగులైతే అక్కడే నాలుగు గజాలు తగ్గిపోతాయి. పది అంగుళాలంటే 0.833 అడుగు.

నాలుగు భుజాలూ సమానంగా లేని స్థలానికి ఎదురెదురు భుజాల సగటులు తీసి గుణించడం ఊళ్లలో మామూలే. మూలలన్నీ లంబకోణాలైతే తప్ప ఆ పద్ధతిలో విస్తీర్ణం ఎక్కువే వస్తుంది, లాభం అమ్మేవాడికి. ఒక కర్ణం కూడా టేపుతో కొలిచి, రెండు త్రిభుజాలుగా లెక్కకట్టమనండి.

ఆంధ్రలో పాత ఎఫ్ఎంబీ (సర్వే వాళ్ల ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) స్కెచ్ చూసేటప్పుడు గీతల మీది అంకెలు అడుగులనుకోకండి, అవి లింకులు. వంద లింకులు ఒక గంటర్ గొలుసు, 66 అడుగులు. హద్దు మీద 150 అని ఉంటే నేల మీద దొరికేది 99 అడుగులే.