ఏది నొక్కినా ఒకటే

నిద్ర రావట్లేదు. లాప్‌టాప్ మూసి రెండుసార్లు పడుకున్నాను, రెండుసార్లూ లేచాను. ఆయన అటు తిరిగి "మళ్ళీ మొదలుపెట్టావా?" అన్నారు, నిద్రలోనే. అవును, మళ్ళీ మొదలుపెట్టాను.

విషయం చిన్నదే. మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. డిప్రెషన్ మీద మేం చేస్తున్న ఆట కొత్త బిల్డ్ (ఇప్పటిదాకా అయినంత) ట్యాబ్‌లో పెట్టి, ఆడి చెప్పరా అన్నాను. ఇరవై నిమిషాలు ఆడాడు. ఫోన్ మోగే సీన్ దాకా వచ్చి, అక్కడ నాలుగైదుసార్లు అటూ ఇటూ నొక్కి చూసి, ట్యాబ్ నా వైపు జరిపేశాడు. "ఏది నొక్కినా ఒకటే కదా చిన్నక్కా. ఇంక నొక్కడం దేనికి?" అన్నాడు. లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అంతే. దాని గురించే ఈ జాగారం.

నాకు ముందు ఒళ్ళు మండింది. ఆ ఒక్క సీన్ మీద మూడు వారాలు కూర్చున్నాను మరి. కథలో అమ్మాయి (పేరింకా కుదరలేదు, ఫైల్లో "ఆమె" అనే ఉంది) మంచం మీద ఉంటుంది. ఫోన్ మోగుతుంది. తెర మీద మూడు ఆప్షన్లు. "ఫోన్ ఎత్తి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నది అన్నిటికన్నా పైన ఉంటుంది, దాని మీద ఎర్ర గీత. చదవొచ్చు, నొక్కలేం. కింద "మోగనివ్వు", "సైలెంట్‌లో పెట్టు". ఏది నొక్కినా గది అలాగే ఉంటుంది, తెల్లారదు.

ఈ ఎర్ర గీత నా సొంత తెలివేం కాదు. 2013లో వచ్చిన డిప్రెషన్ క్వెస్ట్‌లోది. ట్వైన్ అనే, ఆప్షన్లతో సాగే కథలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఆట అది, దాదాపు అంతా అక్షరాలే. ప్రతిచోటా మామూలు మనిషి చేసే పని ఆప్షన్‌గా కనిపిస్తుంది, కానీ కొట్టేసి ఉంటుంది. లోపల పరిస్థితి దిగజారేకొద్దీ కొట్టేసినవి పెరుగుతాయి. మొదటిసారి ఆడినప్పుడు ఆ గీతల మీద మౌస్ పెట్టి నొక్కుతూనే ఉన్నాను, ఎక్కడైనా ఒకటి పనిచేస్తుందేమోనని. "లేచి కాస్త తిరిగొస్తే సరిపోతుంది కదా" అంటారు చూడండి జనం, ఆ మాటకి అంత పొట్టి జవాబు నేనింకెక్కడా చూడలేదు.

అందుకే తమ్ముడికి ఫోన్ చేసి "ఒరేయ్, అదేరా అసలు విషయం" అందామనుకున్నాను. ఈలోపు మీటర్లాయన మీటింగ్ మొదలైంది.

ఆటలో ప్రతిదానికీ ఒక మీటర్ పెట్టమనడం మా టీమ్‌లో ఈయనకి అలవాటే. ఇవాళ్టి సరుకు మాత్రం కొత్తది. సంతోషం మీటర్. సున్నా నుంచి వంద దాకా, తెర పైన కుడివైపు, పసుపు రంగులో. డాక్టర్ని కలిస్తే ఇరవై కలుస్తుంది. నడకకి వెళ్తే ఐదు. స్నేహితురాలికి మెసేజ్ పెడితే పది. రాత్రి మేలుకుంటే పదిహేను పోతుంది (ఈ లెక్కన నేనిప్పటికే అప్పుల్లో ఉన్నాను).

"సున్నా అయితే?" అని అడిగాను.

"సున్నా అయితే గేమ్ ఓవర్," అన్నాడు.

అంత తేలిగ్గా అనేశాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయనకీ ఎక్కడో తగిలినట్టుంది, "అంటే, మళ్ళీ మొదటినుంచి ఆడుకోవచ్చు కదా" అని కలిపాడు. అది ఇంకా ఘోరం. కార్ల ఆటలో గేమ్ ఓవర్ అంటే ఉత్త మాట. డిప్రెషన్ మీద చేసే ఆటలో ఆమె సున్నాకి చేరి, ఆట అయిపోయిందని తెర మీద పడితే, చూసేవాడికి అర్థమయ్యేది ఒక్కటే. వెంటనే మళ్ళీ బతికొచ్చే బటన్ కూడా పక్కనే! ఆ బటన్ ఎవరు నొక్కుతారో, ఏ స్థితిలో ఉండి నొక్కుతారో మనకు తెలియదు కదండీ అన్నాను. "మీరు మరీ సెన్సిటివ్" అన్నాడు. ఈ ఆట రాసే మనిషి సెన్సిటివ్ కాకపోతే ఇంకెవరు కావాలట?

అక్కడితో ఆగలేదు. మంచి ఆప్షన్ ఎప్పుడూ పైన ఉండాలట, ఆకుపచ్చ రంగులో ఉండాలట. "ఆడేవాళ్ళకి ఏది మంచిదో తెలియాలి కదా." తెలియనిదెవరికి? నిద్రపోవాలని, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలని, ఎవరితోనైనా మాట్లాడాలని తెలియని మనిషి ఉంటుందా? తెలిసీ చేయలేకపోవడమే కదా జబ్బు. పైగా ఆకుపచ్చ పెట్టామా, పది నిమిషాల్లో ఆడేవాడి కళ్ళు అక్షరాలు వదిలేసి రంగు వెతకడం మొదలుపెడతాయి. కథ ఎవడూ చదవడు. లెక్క చదువుతారు.

ఆయన మాట మొత్తం తీసిపారేయలేను, అది ఒప్పుకోవాలి. న్యూజిలాండ్ వాళ్ళ స్పార్క్స్ గురించి ఎత్తాడు. అది నిజమే. ఆక్లండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన ఆట, ఏడు అంచెలుగా ఉంటుంది, దిగులు ఆలోచనల్ని చిన్న చిన్న పురుగుల్లా తెర మీదకి వదిలి, వాటిని గుర్తుపట్టి ఎదుర్కోవడం నేర్పుతుంది. 12 నుంచి 19 ఏళ్ళ పిల్లలు 187 మందితో చేసిన పరిశీలన 2012లో వచ్చింది. మామూలుగా అందే చికిత్స కంటే తక్కువేం కాదని తేలింది. అక్కడ సరైన జవాబు ఉండాలి, ఎందుకంటే అది చికిత్స, అందులో నేర్పే పాఠం ఉంది. మనం చేస్తున్నది కథ. ఆ తేడా చెప్పడానికి నాకు అరగంట పట్టింది, వినడానికి ఆయనకి ఓపిక లేదు.

ప్లస్ ఐదు అన్నది ఎప్పుడూ ప్లస్ ఐదుగానే ఉంటుందా, అది అడగడం మర్చిపోయాను మీటింగ్‌లో. ఇలాంటివన్నీ నాకు అర్ధరాత్రే గుర్తొస్తాయి. సెలెస్ట్ అనే ఆటలో (2018) కొండెక్కే అమ్మాయికి మధ్యలో ఊపిరాడనంత భయం వస్తుంది. గాల్లో ఒక ఈక ఉన్నట్టు ఊహించుకుని, దాన్ని ఊపిరితో పైకీ కిందికీ ఆడించమంటాడు తోడున్నవాడు. మనం బటన్‌తో అదే చేస్తాం, భయం తగ్గుతుంది. తర్వాత ఇంకోచోట అదే ఈకని నమ్ముకుంటే పనిచేయదు. నాకు ఆ రెండోది చాలా నచ్చింది. మందులాంటి ఉపాయం ఇచ్చి, అది ప్రతిసారీ పనిచేయదని కూడా చెప్పే ధైర్యం ఉంది వాళ్ళకి.

చివరిగా ప్రతి ఆప్షన్‌కీ ఒక ముగింపు కావాలన్నాడు. ఒక్కో చోట రెండేసి ఆప్షన్లు, అలా పది చోట్ల, కొమ్మలు ఎక్కడా కలవకుండా పోతే 1024 ముగింపులు. రాసేది నేనూ, ఇంకో ఇద్దరూ. అందుకే ఎవరైనా కొమ్మల్ని కాసేపు విడదీసి, మళ్ళీ ఒకచోటికి తెచ్చి కలుపుతారు. దారులు వేరైనా ఊరొకటే, దారిలో ఏం జరిగిందో మాత్రం గుర్తుపెట్టుకుంటాం. ఇది చెప్తే "అంటే మోసమేగా" అన్నాడు.

మోసం. ఇక్కడ ఆయనా తమ్ముడూ ఒకే మాట మీదున్నారని అప్పుడు తోచింది. అది ఇంకా ఒళ్ళు మండించింది.

సంతోషం కూడా ఒకటుంది ఇవాళ, రాయకపోతే పాపం. మా సీన్లు చదివి చూసే సైకాలజిస్ట్ మేడమ్, నేను రాసిన తలుపు సీన్‌ని ఒక్క కామా కూడా మార్చకుండా పంపించారు. పక్కన "ఇది సరిగ్గా ఉంది" అని రాశారు. మూడుసార్లు చదువుకున్నాను.

సరే, అసలు సంగతికొస్తా. రాత్రి గిన్నెలు సర్దుతుంటే ఫోన్ మోగింది. అక్క. ఎత్తబోతూ గొంతు సవరించుకున్నాను. అక్కడ ఆగిపోయాను.

ఆ ఏడాది ప్రతి రాత్రీ తొమ్మిదింటికి అక్క ఫోన్ చేసేది. ఆ ఏడాది అంటే, నాకే డిప్రెషన్ ఉన్న ఏడాది. నేను ప్రతిసారీ ఎత్తాను. ఒక్కసారి కూడా మోగనివ్వలేదు. ఎనిమిదింబావు నుంచే కాచుకుని ఉండేదాన్ని. మంచం మీద లేచి కూర్చుని, జుట్టు చెవుల వెనక్కి తోసుకునేదాన్ని, అది వీడియో కాల్ కాకపోయినా. ఒకసారి గొంతు సవరించుకుని, ఖాళీ గదిలో "హలో" అని అనుకుని చూసుకునేదాన్ని. మరీ కింద పలికితే మళ్ళీ అనేదాన్ని, కాస్త పైకి. అప్పుడు ఫోన్ మోగితే, "ఆ అక్కా, బాగానే ఉన్నాను, నువ్వెలా ఉన్నావు" అని ఒకే ఊపిరిలో. పది నిమిషాలు తను పిల్లల సంగతులు చెప్పేది, నేను సరైన చోట నవ్వేదాన్ని. పెట్టేశాక ఫోన్ చెవి దగ్గర వెచ్చగా ఉండేది. ఛార్జర్ మీద చిన్న పచ్చ దీపం చూస్తూ పడుకునేదాన్ని. మళ్ళీ మర్నాడు ఎనిమిదింబావు దాకా గొంతుతో పని లేదు.

రెండు నెలలు నడిచింది అలా. ఒకరోజు నా "బాగానే ఉన్నాను" అయ్యాక అక్క కాసేపు ఊరుకుని, "ఇవాళ తల దువ్వుకున్నావా?" అంది.

దానికి "బాగానే ఉన్నాను" అతకదు. నాలుక మీద ఇంకేం లేదు.

"లేదు," అన్నాను.

"నిన్న?"

"లేదు."

"సరే. పొద్దున బస్సుకి వస్తున్నా."

వచ్చింది. ఏం మాట్లాడలేదు. నన్ను కింద కూర్చోబెట్టి వెనకాల తను కూర్చుని, చిక్కులు తీసింది. చివర్ల నుంచి, గుప్పెడు గుప్పెడు పట్టుకుని, నొప్పి తెలియకుండా. గంట పట్టింది. నేను ఏడుస్తానేమో అనుకున్నాను, ఏడవలేదు, నిద్రపోయాను కూర్చునే. డాక్టర్ దగ్గరికి వెళ్ళింది ఆ తర్వాత పదకొండు రోజులకి. చాలా కాలమయ్యాక అడిగాను, ఆ ప్రశ్న ఎలా తట్టిందే నీకు అని. "ఏమో, నీ గొంతు మరీ శుభ్రంగా ఉండేది" అంది.

అదీ సంగతి. నా సీన్లో ఎర్ర గీత అబద్ధం. ఎవరి కథలోనో అది నిజం, నా కథలో కాదు. నాకు ఫోన్ ఎత్తడం చేతకాకపోవడం కాదు, ఎత్తడం మహా బాగా చేతనయింది, ప్రాక్టీస్ చేసి మరీ ఎత్తాను. మూడు వారాలు కూర్చుని నేను రాసింది నా రోజులు కాదు, నాకు నచ్చిన ఇంకో ఆట. తమ్ముడు నొక్కి చూసి ఖాళీ అన్నాడంటే, ఖాళీగానే ఉంది మరి.

కాబట్టి పదకొండున్నరకి సీన్ విప్పాను. ఎర్ర గీత తీసేశాను. ఫోన్ ఎత్తాల్సిందే. ఎత్తాక మూడు ఆప్షన్లు. "నిద్ర పట్టట్లేదని చెప్పు." "రమ్మని అడుగు." "ఏదైనా చెప్పు, పెట్టెయ్యనివ్వకు." మూడూ నొక్కొచ్చు. ఏది నొక్కినా ఆమె నోట్లోంచి వచ్చేది ఒకటే, "బాగానే ఉన్నాను, నువ్వెలా ఉన్నావు." మళ్ళీ ఏది నొక్కినా ఒకటే అయింది, కానీ ఇది వేరే ఒకటే. ఆడేవాళ్ళు తిట్టుకుంటారేమో. తిట్టుకోనీ. హెల్‌బ్లేడ్ (2017) ఆడేవాళ్ళని మొదట్లోనే భయపెడుతుంది, ఓడిన ప్రతిసారీ చేతి మీద నల్లటి కుళ్ళు పైకి పాకుతుంది, అది తలదాకా వస్తే ఆడిందంతా పోతుందని. ఆడినవాళ్ళు ఎన్నిసార్లు ఓడి చూసినా అలా ఏదీ పోలేదు. ఆ భయం మాత్రం నిజమైందే.

తర్వాత ఇంకో ఊహ వచ్చింది. రెండో రాత్రి ఆడేవాళ్ళని అక్క వైపు కూర్చోబెడితే? ఆమె "బాగానే ఉన్నాను" అంటుంది, ఏం అడగాలో అక్కగా మనం ఎంచుకోవాలి. గబగబా నాలుగు ప్రశ్నలు రాసేశాను, నాలుగోది తల దువ్వుకోవడం. రాసి చూసుకుంటే నవ్వొచ్చింది. సరైన ప్రశ్న నొక్కితే మనిషి తెరుచుకుంటుంది. ఆకుపచ్చ రంగొకటే తక్కువ. మీటర్లాయన గెలిచినట్టే. ఆ ప్రశ్న అడగని అక్కలు, అడిగినా లాభం లేకపోయిన అక్కలు ఈ ఆట ఆడితే వాళ్ళకి నేను చెప్తున్నదేమిటి? తప్పు ఆప్షన్ నొక్కావనా? మా అక్క కూడా రెండు నెలలు తప్పు ప్రశ్నలే అడిగింది కదా. నాలుగూ కొట్టేశాను. ఇప్పుడక్కడ ఒక్క ఆప్షనే ఉంది, "రేపు మళ్ళీ చెయ్యి." అది ఆప్షనే కాదంటారేమో మీటింగ్‌లో. చూద్దాం. పొద్దున్నే నాకే నచ్చకపోవచ్చు కూడా.

పన్నెండు ముప్పావుకి కొత్త బిల్డ్ తమ్ముడికి పంపాను, తీరిగ్గా రేపు చూస్తాడులే అని. పంపిన నిమిషంలోనే నీలం టిక్కులు పడ్డాయి.

నిన్న రాత్రి కూడా ఒంటిగంటన్నరకి వాడు ఆన్‌లైన్‌లో ఉండటం చూశాను, ఇప్పుడు గుర్తొస్తోంది. ఆటల మీద నాతో గంటలు గంటలు వాదించే మనిషి. మధ్యాహ్నం ఒక్క మాట వాదించలేదు. ఇంక నొక్కడం దేనికి అన్నాడు, అంతే. నేను నా సీన్ గురించే అన్నాడనుకున్నాను.

ఏమీ అయ్యుండదు. సీన్ బాగోలేదు కాబట్టి అన్నాడు, అంతేనేమో. ఈ ఆట రాస్తూ రాస్తూ నాకు అందరూ అలాగే కనబడుతున్నారు, మా ఆయన కూడా అదే అంటారు.

"ఎలా ఉన్నావురా" అని టైప్ చేశాను. చెరిపేశాను.

"రాత్రి ఎన్నింటికి తిన్నావు?" అని పంపాను.

టైపింగ్ అని వస్తోంది. పోతోంది. మళ్ళీ వస్తోంది.